మూలన నిలబడిన మేనమామ

వైడ్ యాంగిల్ లెన్సు కొనదలచిన మధ్యతరగతి గృహస్థుడి కోరికలు నాలుగే: వెడల్పుగా చూపాలి, సంచిలో బరువనిపించకూడదు, ధర అందుబాటులో ఉండాలి, ఫోటో మూలల దాకా స్పష్టంగా ఉండాలి. మొదటి మూడింటికీ సంతోషంగా తలూపే తయారీదారు నాలుగో కోరిక వినగానే గొంతు సవరించుకుంటాడు.

ఉదాహరణకు 2021లో కెనాన్ విడుదల చేసిన ఆర్‌ఎఫ్ 16 ఎం.ఎం. ఎఫ్/2.8 లెన్సును చూడండి. బరువు 165 గ్రాములు. అమెరికాలో ప్రకటించిన ధర 299 డాలర్లు. కెనాన్ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో, ఆ అద్దం కదలడానికి చోటు కావాలి గనుక లెన్సు బిగించే అంచుకూ సెన్సరుకూ మధ్య 44 మిల్లీమీటర్ల దూరం ఉండేది. ఆ దూరాన్ని దాటించడానికి వైడ్ లెన్సులో గాజు మీద గాజు పేర్చవలసి వచ్చేది. అద్దం పోయాక కెనాన్ ఆ దూరాన్ని 20 మిల్లీమీటర్లకు తగ్గించింది. అయినా ఫోటోలో గీతలకు మిగిలిపోయిన వంకరను సరిదిద్దే పనిని గాజుకు కాక కెమెరాలోని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. సరిదిద్దని రా ఫైలును, అంటే సెన్సరు పట్టినది పట్టినట్టు దాచిన ఫైలును, తెరిస్తే గీతలు ఉబ్బి, మూలలు నల్లబడి కనిపిస్తాయి. అందుచేత రా ఫైలును అలా తెరవకపోవడమే సంస్కారం. (ఎండ పడకుండా కాపాడే హుడ్ పెట్టెలో ఉండదు; దాన్ని విడిగా కొనడం కూడా ఈ పొదుపులో భాగమే.)

ఇక మన కొనుగోలుదారు పరీక్ష విధానాన్ని గౌరవించక తప్పదు. ఇటుక గోడను ఫోటో తీసి, కుడివైపు కింది మూలను 200 శాతానికి పెంచి, అక్కడి సున్నపు గీత చెదిరిందా లేదా అని రాత్రి పొద్దుపోయేదాకా చూస్తాడు. మధ్యలో గోడ ఎలా ఉందో ఆయన ఎన్నడూ అడగలేదు.

అయితే మన ఇళ్లలో ఈ లెన్సుకు అసలు పరీక్ష పెళ్లి గ్రూపు ఫోటో. మండపం ఇరుకు, బంధువర్గం విశాలం. సరళరేఖలను సరళరేఖలుగానే చూపాలన్న నియమానికి కట్టుబడిన ప్రతి వైడ్ లెన్సూ అంచుల్లో ఉన్నవారిని పక్కకు సాగదీస్తుంది. ఇది చవక లెన్సు దోషం కాదు, పది రెట్లు పోసి కొన్నదీ ఇదే పని చేస్తుంది, కాకపోతే సాగిన బుగ్గను మరింత స్పష్టంగా చూపుతుంది. ఫలితంగా, పెళ్లికూతురిని గంపలో మోసుకొచ్చిన మేనమామ చివర నిలబడిన పాపానికి ఆల్బంలో ఒకటిన్నర మేనమామగా దర్శనమిస్తాడు.

పరిహారం లేకపోలేదు. ఫోటోగ్రాఫరు నాలుగడుగులు వెనక్కి వేసి, అంచులను తర్వాత కత్తిరించవచ్చు. వెనక వంటవాళ్ల గుండిగలు ఉంటే మేనమామనే మధ్యకు పిలవాలి. అప్పుడు మధ్యలో ఉన్న వియ్యంకుడు గారిని ఏ మూలకు పంపాలన్నది మాత్రం ఏ తయారీదారూ తన వివరాల పట్టికలో ఇంతవరకు ముద్రించలేదు.