సవరణ: 3.73 క్రౌన్ పినియన్ గురించి

ఫోర్డ్ మస్టాంగ్ కారులో వెనక 3.31 క్రౌన్ పినియన్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ తిరుగుడును వెనక చక్రాలకు అందించే పళ్ల గేర్ల జత) తీసేసి 3.73 వేస్తే టాప్ స్పీడ్ పెరుగుతుందని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి. పెరిగేది పికప్. 3.73 అంటే క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 11. చక్రం ఒక్కసారి తిరగాలంటే షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి. అందుకే గుంటూరు హైవే మీద ఇదివరకు 2000 ఆర్‌పీఎంతో పోయిన వేగానికే ఇప్పుడు దాదాపు 2250 కావాలి. పెట్రోలూ కాస్త ఎక్కువే తాగుతుంది.

ఇంకొకటి, పాత క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగ్‌ల మధ్య ఉండి, బిగించేటప్పుడు నలిగే లోహపు గొట్టం) మళ్లీ వాడొచ్చన్నాను. దయచేసి వాడకండి. ఒకసారి నలిగిందంటే దానితో బేరింగ్ బిగువు సరిగ్గా కుదరదు. నిన్న విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి పళ్లకు పసుపు రంగు పూసి, తిప్పి చూపించారు. పళ్లు ఒకదానికొకటి ఆనిన చోట రంగులో పడే అచ్చు పంటి మధ్యలో ఉండాలి. అంచుకు జరిగితే రొద మొదలవుతుంది, పళ్లూ అరిగిపోతాయి. గేర్లుండే పెట్టె (హౌసింగ్) మూసేముందు ఆ అచ్చును మీరే కళ్లారా చూసుకోండి.