ఖాస్రా పహాణీలో దొరికిన ముత్తాత

వంశవృక్షం తయారు చేసుకోవాలంటే ముందు ఇంటి పెద్దల్ని అడగమని చాలామంది రాస్తుంటారు. మా ఇంట్లో అడగడానికి ఎవరూ మిగల్లేదండీ. నాకు దారి చూపింది 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు, అంటే తెలంగాణలో ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన పాత రికార్డు. పట్టాదారు కాలమ్‌లో వేరే ఆసామి పేరుంది. సాగులో ఉన్నవారి కాలమ్‌లో మా ముత్తాత పేరు, పక్కనే ఆయన తండ్రి పేరు! ఆ పేరు మాలో ఎవరికీ తెలియదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాబట్టి సొంత భూమి లేని కుటుంబాలు కూడా ఆశ వదులుకోవద్దు. ఇంటిపేరుతో దొరక్కపోతే సర్వే నంబరు పట్టుకుని వెతకండి. అంతకన్నా పాతది సేత్వార్ అనే తొలి భూమి సర్వే రికార్డు; అది ఉర్దూలో ఉంటుంది కాబట్టి ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఆంధ్ర వైపు ఇనాం భూములైతే (గుళ్లకు, సేవలు చేసేవారికి పాలకులు పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చినవి) వాటి వివరాలు నమోదు చేసిన 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ తప్పక చూడాలి. అనుభవదారుల వయసు కూడా అందులో రాశారు.