నన్నారి అంటే ఏ వేరు?

ఎండలు ముదిరాయి. మా కడపలో సోడా బండ్ల మీద నన్నారి సీసాలు వరసగా కనిపిస్తున్నాయి. నాకెంతో ఇష్టమైన కాలం ఇది. కానీ ఈసారి గట్టిగా ఒక మాట చెప్పాలి: మనం తాగేది ఏ మొక్కో మనకే తెలియకుండా పోతోంది.

నన్నారి అన్న ఒక్క పేరు కింద రెండు తీగలున్నాయి. ఒకటి సుగంధిపాల. పొదల్లో సన్నగా అల్లుకుంటుంది, ఆకు నడిమిన తెల్లటి చార, తుంచితే పాలు, వేరు కూడా సన్నమే. ఆయుర్వేదంలో శారిబ అనేది దీన్నే. రెండోది మారేడు కొమ్ములు. దీనికే బర్రె సుగంధి అని ఇంకో పేరు; ఆ గడ్డల లావు చూస్తే ఆ పేరెందుకో అడగక్కర్లేదు. నల్లమల, శేషాచలం కొండల్లో రాళ్ల సందుల్లో పెరుగుతుంది. మన సీమలో షర్బత్‌కి ఎక్కువగా వాడేది ఇదే. తమిళులు మాగాళి కిళంగు అంటూ దీన్నే మజ్జిగలో ఊరవేసుకుంటారు.

మా జేజి ఈ కొమ్ముల్ని కడిగి, రోట్లో చితక్కొట్టి, లోపలున్న కట్టెలాంటి ఈనెను తీసి పారేసేది. పైతొక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే కాసేపు కాచి, వడగట్టి చక్కెర పాకంలో కలిపేది. "మూత పెట్టు, వాసనంతా పోతాది" అని మమ్మల్ని అరిచేది. వనిల్లాకు దగ్గరి చుట్టమైన వాసన అది. నానబెట్టిన రోజు ఇల్లంతా అదే.

మొన్న ఊళ్లో ఒక సీసా కొన్నాను. పేరు నన్నారి. వెనక చిన్న అక్షరాల్లో రంగు, ఎసెన్సు. వేరు ఊసే లేదు. నిజంగా బాధేసింది.

అలాగని అందరూ అసలు కొమ్ములే కావాలని అడవి మీద పడితే ఇంకా ఘోరం. మారేడు కొమ్ములు ఇప్పటికే అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల్లో ఒకటి. దక్షిణాదిలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మనకు కావాల్సింది భూమిలో ఉండే గడ్డ, అదే దాని ప్రాణం. కొన్ని వేర్లు వదిలి మట్టి కప్పితే మళ్లీ చిగురిస్తుంది. మొత్తం పెళ్లగిస్తే ఆ తీగ కథ అంతే. వ్యాపారి కిలోల లెక్కన తొందర పెడుతుంటే తవ్వేవాడికి వదిలే ఓపిక ఎక్కడిది? అందుకే నారు పోసి రైతులకు మొక్కలివ్వాలి, చేలల్లో పండించాలి. పండించినవాళ్లకు మంచి ధర రావాలి. సీసా మీద ఏ వేరో, ఎక్కడిదో తెలుగులో రాయాలి.

నిన్న బండి దగ్గర అడిగాను, "అన్నా, ఇది కొమ్ములదా, ఎసెన్సుదా?" అని. ఆయన నా ముఖం చూసి, ముందున్న సీసా పక్కకు జరిపి, బండి కింద నుంచి ఇంకోటి తీశాడు.