లింకన్ రాయని ఉత్తరం, రాసిన ఉత్తరం

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లం జరుపుకున్న ఉగాది నాడు పంచాంగ శ్రవణం తర్వాత పిల్లలకు పెట్టిన వక్తృత్వ పోటీకి నేనూ ఒక జడ్జినని మీలో చాలామందికి తెలుసు. అక్కడ ఏం జరిగిందో తెలియనివాళ్లు పులిహోర లైన్లో తెలుసుకునే ఉంటారు. అయినా నా నోటితో నేను చెప్పుకోవాలి.

నాలుగో తరగతి పాప. పట్టుపరికిణీ కట్టుకొచ్చి, "అబ్రహాం లింకన్ తన కుమారుడి ఉపాధ్యాయుడికి రాసిన లేఖ" అంటూ మొదలుపెట్టి, ఒక్క తడబాటు లేకుండా మొత్తం అప్పజెప్పింది. ఒత్తులు కూడా పోలేదు. హాలంతా చప్పట్లు. మైకు నా చేతికొచ్చింది. "చాలా బాగా చెప్పావమ్మా, కానీ ఈ ఉత్తరం లింకన్ రాసింది కాదు" అన్నాను. పాప మొహం మాడిపోయింది. భోజనాల దగ్గర వాళ్లమ్మ వచ్చి, "నెలరోజులు కూర్చోబెట్టి నేర్పించానండీ అన్నయ్యగారూ. ఆ ముక్కేదో నాతో విడిగా చెప్తే సరిపోయేది కదా" అంది.

సరిపోయేది.

నేను చెప్పింది అబద్ధం మాత్రం కాదు. లింకన్ రాతలూ ప్రసంగాలూ ఏరి కూర్చి 1953లో ఎనిమిది సంపుటాలుగా వేశారు. వాటిలో ఈ ఉత్తరం లేదు. అసలు ప్రతి ఎక్కడా దొరకలేదు. పైగా ఆ మనిషి తీరుకే అది నప్పదు. "మా అబ్బాయిని గారాబం చేయొద్దు, నిప్పులో కాలితేనే మంచి ఉక్కు" అనే ధోరణి కదా ఆ ఉత్తరానిది. లింకన్ కొడుకులు విల్లీ, టాడ్ వాళ్ల నాన్న లా ఆఫీసుకొచ్చి కాగితాలన్నీ చిందరవందర చేస్తుంటే భాగస్వామి హెర్న్‌డన్ లోపల్లోపల ఉడికిపోయేవాడు, లింకన్ మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. గారాబం వద్దని మాస్టారికి జాబితా రాసిచ్చే తండ్రి ఆయన కాదు. ఆ తండ్రి మన ఇళ్లలో ఉంటాడు. అందుకే ఆ ఉత్తరం మనకంతగా అతుక్కుపోయిందని నా అనుమానం.

మా ఇంట్లోనూ అతుక్కుపోయింది. నాన్న గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు మాస్టారు. హెడ్మాస్టరు గదిలో గాంధీగారి పటానికీ రాధాకృష్ణన్‌గారి పటానికీ మధ్య ఈ ఉత్తరం ఫ్రేము కట్టి ఉండేది. నేను అమెరికా బయల్దేరిన రోజు నాన్న దాన్ని తెల్లకాగితం మీద స్వదస్తూరీతో రాసి, సూట్‌కేసులో ఆవకాయ పొట్లం పక్కన పెట్టారు. ఆ కాగితం మీద ఇప్పటికీ నూనె మరక ఉంది.

తర్వాత నాన్న ఇక్కడికొచ్చినప్పుడు షికాగో నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్లాను. రెండొందల మైళ్ల పైమాటే. ఎయిత్, జాక్సన్ వీధుల మూల మీద లింకన్ ఇల్లు చూశాం. మంకీ క్యాప్ సర్దుకుంటూ నాన్న ఆ ఇల్లు చూపించే ఉద్యోగిని, అంటే రేంజరును, అడిగారు, ఆ ఉత్తరం ఎక్కడ పెట్టారని. ఆవిడ నాన్నను కాస్త పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, అలాంటిది లింకన్ కాగితాల్లో లేదండీ అని చెప్పింది. మిగతా గుంపుకు వినపడలేదు.

రాత్రి మోటెల్లో నాన్న, "ఎవరు రాస్తేనేం రా, అందులో తప్పేముంది?" అన్నారు. దీపం ఆర్పేశాక మళ్లీ, "అయితే ముప్పై ఏళ్లు పిల్లలకి అబద్ధం చెప్పానన్నమాట" అన్నారు. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను.

అంత తెలిసీ నేను ఆ పాప ముందు మైకు పట్టుకున్నాను.

ఇంతకీ లింకన్ ఒక విద్యార్థికి నిజంగానే ఉత్తరం రాశాడు. పెద్దకొడుకు రాబర్ట్ 1859లో హార్వర్డ్ ప్రవేశ పరీక్ష రాసి పదహారు సబ్జెక్టుల్లో పదిహేను తప్పాడు. ఆ మాట తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఏడాది ఎక్సెటర్ అనే బడిలో చదివి మళ్లీ రాసి గట్టెక్కాడు. అతనితో పాటు రాసిన స్నేహితుడు జార్జ్ లేథమ్ మాత్రం తప్పాడు. అది 1860 జులై. లింకన్ అప్పటికే రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. దేశం రెండుగా చీలేలా ఉంది. ఆ హడావుడిలో, జులై 22న, కొడుకు స్నేహితుడికి కూర్చుని ఉత్తరం రాశాడు. నువ్వు తప్పావని తెలిసి నా జీవితంలో ఇంతకన్నా బాధ పడ్డ సందర్భాలు అరుదు అన్నాడు. ఈ తాత్కాలిక ఓటమిని బట్టి, సులువుగా సీటు తెచ్చుకున్నవాళ్లకంటే నువ్వు గొప్పవాడివి కాలేవని ఎవరూ అనలేరన్నాడు. రాసిన మనిషి తన బడి చదువంతా కలిపినా ఏడాది కాదని చెప్పుకున్నవాడు.

కాలేజీ సీట్ల కబురొచ్చే మార్చి నెలాఖరు మన ఇళ్లలో ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. సీటొచ్చిన ఇంట్లో బొబ్బట్లు, వాట్సాప్‌లో ఫొటోలు. సీటు రానివాళ్లు ఆ వారం, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి రారు. వచ్చినా పిల్లాడు కారు దిగడు. మన పిల్లాడికి వచ్చిందని పదిమందికి చెప్పుకుంటాం సరే, రాని పక్కింటి పిల్లాడికి రెండు లైన్లు రాసినవాళ్లం ఎంతమందిమి? నేను రాయలేదు.

కల్చరల్ కమిటీవారికి నా మనవి ఒక్కటే. ఆ పాపకు మొదటి బహుమతి తప్పింది నా మార్కుల వల్లే. వచ్చే దీపావళి కార్యక్రమంలో లేథమ్‌కు రాసిన ఉత్తరం ఆ పాప చేతే చదివించండి. వాళ్లమ్మగారు ఒప్పుకుంటే నేనే ఇంటికెళ్లి అడుగుతాను. తెలుగు చేసే పని నాన్నకూ నాకూ వదిలేయండి. ఆయనకిప్పుడు ఎనభై రెండు. మొన్న ఫోన్లో చదివి వినిపించాను. "నువ్వు తప్పక నెగ్గాలి" అన్న చోట ఆపేశారు.

"'తప్పక' ఏమిట్రా నీరసంగా? 'మస్ట్' అనేదే అసలు మాట అని ఆయనే విడిగా రాశాడంటున్నావు కదా. 'నెగ్గి తీరాలి' అని పెట్టు."

పెట్టాను.