సవరణ: టోయిక్ కుంభకోణంలో ఆ '97 శాతం'

బ్రిటన్‌లో విదేశీ విద్యార్థులు వీసాల కోసం రాసిన టోయిక్ ఇంగ్లిషు పరీక్షల కుంభకోణం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, '97 శాతం పరీక్షలు అనుమానాస్పదం' అన్నాను. నూటికి తొంభై ఏడుగురు విద్యార్థులు దొంగలేనని దాన్ని చదివినవారూ ఉన్నారు. ఆ అర్థం సరికాదు. పత్రికలు కూడా ఆ అంకెను విడదీయకుండానే వాడుతూ వచ్చాయి.

అది రెండు లెక్కల మొత్తం. పరీక్ష నిర్వహించిన ఈటీఎస్ సంస్థ, సుమారు 58 వేల పరీక్షల్లో దాదాపు 34 వేలను 'చెల్లనివి' అంది. ఒకే గొంతు పలువురి రికార్డింగుల్లో వినిపించిందన్నది, అంటే వారి బదులు మరొకరు మాట్లాడారన్నది అక్కడి ఆరోపణ. మరో 22 వేల పైచిలుకు 'సందేహాస్పదం' మాత్రమే. మోసాలు బయటపడ్డ కేంద్రంలో పరీక్ష రాయడం వంటి కారణాలకే చాలామంది ఈ జాబితాకెక్కారు. గొంతు సరిపోలిందన్న ఆరోపణ వీరిపై లేదు.

2014 ఫిబ్రవరిలో బీబీసీ 'పనోరమా' కార్యక్రమం రహస్య కెమెరాతో చూపించింది నిజమే: అభ్యర్థులు పక్కకు తప్పుకుంటే వారి కంప్యూటర్ల ముందు వేరేవాళ్లు కూర్చున్నారు, మరో పరీక్షలో జవాబులను గట్టిగా చదివి వినిపించారు. అయితే టీవీలో కనిపించినవి ఒకటి రెండు కేంద్రాలే. ఈ ఆరోపణలతో వీసాలు రద్దు చేసిన హోంశాఖ సాక్ష్యంలో అనేక బలహీనతలున్నాయని 2016లో, వలస అప్పీళ్లు వినే అప్పర్ ట్రిబ్యునల్ తేల్చింది. అమాయకులూ ఇరుక్కుని ఉండవచ్చని 2019లో జాతీయ ఆడిట్ కార్యాలయం చెప్పింది. వీసా రద్దుల వార్తలకు దక్కినంత చోటు వీటికి దక్కలేదు మరి!

కాబట్టి పాత వాక్యాన్ని ఇలా చదువుకోగలరు: '58 శాతం చెల్లనివని, 39 శాతం సందేహాస్పదమని ఈటీఎస్ ప్రకటించింది.'