ఫస్ట్ సింగిల్‌గా కరుకు పాటే రావాలి

హైదరాబాద్‌లో ఏ రాక్ బ్యాండ్ ఆల్బమ్ పూర్తిచేసినా చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే సలహా ఒక్కటే: ముందు మెలోడీ వదలండి, రీల్స్‌కి పనికొచ్చే ముక్క ఉండేలా చూసుకోండి, అరుపుల పాటల సంగతి తర్వాత చూద్దాం. కోపాన్ని దాచుకోకుండా వేగంగా, కరుకుగా వాయించే రాక్ సంగీతమే పంక్. పంక్ బ్యాండ్ ఈ మాట అస్సలు వినకూడదు. ఆల్బమ్‌లో అన్నిటికన్నా కరుకైన పాట ఏదో, అదే ఫస్ట్ సింగిల్‌గా, అంటే ఆల్బమ్ కన్నా ముందు విడిగా వదిలే పాటగా బయటికి రావాలి.

1977లో సీబీఎస్ అనే రికార్డు కంపెనీ లండన్ పంక్ బ్యాండ్ ది క్లాష్‌ను అడగకుండానే వాళ్ళ తొలి ఆల్బమ్ నుంచి ‘రిమోట్ కంట్రోల్’ను సింగిల్‌గా విడుదల చేసింది. కుర్రాళ్ళు ఊరుకోలేదు. సెప్టెంబరుకల్లా ‘కంప్లీట్ కంట్రోల్’ అనే పాట కట్టి కంపెనీని అందులోనే కడిగేశారు. దాన్ని విడుదల చేయాల్సి వచ్చిందీ ఆ కంపెనీయే! అదే ఏడాది జనవరిలో మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు చేసి నాలుగు పాటల రికార్డును సొంతంగా తెచ్చుకుంది. ఏ పాట ఎప్పుడు జనంలోకి వెళ్ళాలో మేమే తేల్చుకుంటామన్న ఈ పట్టుదలే పంక్‌ను నిలబెట్టింది.

మన దగ్గర ఫస్ట్ సింగిల్ అంటే సినిమావాళ్ళ లిరికల్ వీడియో. హీరో పుట్టినరోజుకో పండక్కో ముహూర్తం, ముందురోజు ప్రోమో. అక్కడ పాట పని టికెట్ అమ్మడం. అది వాళ్ళ వ్యాపారం, సరే. ఆ పద్ధతినే బ్యాండ్‌లూ పట్టుకుంటే మాత్రం కడుపు మండుతుంది. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్‌లలో చూడండి. రెండో సొంత పాట అందుకునేలోపే టిష్యూ పేపర్ మీద సినిమా పాట పేరు రాసి స్టేజీ మీదికి పంపిస్తారు. గిటారిస్ట్ అది చదివి, డ్రమ్మర్ వైపు ఒకసారి చూసి, గిటార్ మోతను కరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్‌ను కాలితో ఆపేస్తాడు.

మెత్తటి పాటయితే నలుగురికీ చేరుతుంది, బ్యాండ్ కూడా బతకాలి కదా అంటారు. నిజమే, 2024 నుంచి స్పాటిఫై ఏడాదిలో 1000 సార్లయినా వినని పాటకు పైసా ఇవ్వడం లేదు. కానీ ఆ వెయ్యి దాటాక వచ్చేదీ చిల్లరే. దానికోసం పాటను చప్పబరచుకోవడం దేనికి?

అసలు తెలుగు పాట మొత్తాన్నీ మనం సినిమాకు రాసిచ్చేశాం. ఇదే నగరంలో 1990లో అజ్ఞాతం వీడి వచ్చిన గద్దర్‌ను వినడానికి నిజాం కాలేజీ మైదానానికి జనం పోటెత్తారు. భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, పక్కన డప్పు. ఆయన పాటల క్యాసెట్లు చేతులు మారుతూ ఊళ్ళకు చేరాయి. అంతకుముందు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు పాట జనం నోటనే ఊరూరా తిరిగింది. కోపాన్ని పాటగా కట్టిన ఇంత చరిత్ర పెట్టుకుని మన కుర్రాళ్ళు ఇంగ్లిష్‌లో పాడుతూ బెంగళూరు వైపు చూడటం నాకు మింగుడుపడదు. రాయడానికి విషయాలు లేవా? 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అక్కడికే బైక్ మీద బిర్యానీ మోసుకెళ్ళే కుర్రాడు అద్దె కట్టలేక ఊరి చివరికి గది మారుస్తున్నాడు. ఈ ఒక్క సంగతి మీద రెండు నిమిషాల పాట ఇంతవరకు ఎవరూ ఎందుకు అరిచి పాడరు?

ఆ పాట తెలుగులో కట్టండి. మాస్టర్ హక్కులు, అంటే అసలు రికార్డింగ్ మీద హక్కులు, ఎవరికీ రాసివ్వకండి. 2012 కాపీరైట్ సవరణ రాసినవాళ్ళకూ, బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీ హక్కు కల్పించింది, దాన్ని వాడుకోండి. పబ్ వద్దంటే బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ లాంటి చోట జనం ముందు పాడండి. పెద్ద సినిమా ప్రోమో లేని శుక్రవారం కోసం కాచుకుని కూర్చోకుండా వదిలేయండి. ప్రేమ పాట ఆల్బమ్‌లో ఏడోదిగా ఉన్నా నష్టం లేదు.