నేసేవాడూ అమ్మేవాడూ ఒకటేనా?

వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ ట్యాగ్ (భౌగోళిక సూచిక, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చట్టం గుర్తించే పేరు) వచ్చింది. చేర్యాల నకాషీ చిత్రాలు, పెంబర్తి ఇత్తడి పని, నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అంతకుముందే ఆ జాబితాలో చేరాయి. ఇక మన కళలకు చట్టం అండ దొరికిందని చాలామంది నిశ్చింతగా ఉన్నారు. ఆ చట్టం తీసి ఒకసారి చదివితే ఆ నిశ్చింత ఉండదు.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టంలో రెండో సెక్షన్ చూడండి. 'ఉత్పత్తిదారు' అంటే ఎవరో అక్కడ చెప్పారు. చేతివృత్తుల విషయంలో ఆ వస్తువును తయారు చేసే మనిషి. బాగుంది. అక్కడితో ఆగి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. వెంటనే ఇంకో ముక్క తగిలించారు: ఆ వస్తువుతో వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉత్పత్తిదారులే!

అంటే వరంగల్ కొత్తవాడలో పొద్దంతా మగ్గం ముందు కూర్చుని పడుగులో పేక దూర్చే మనిషీ, అదే జంపఖానాను హైదరాబాద్ షోరూంలో మడత విప్పి చూపించే మనిషీ ఈ చట్టం కంటికి ఒకటే. అధీకృత వినియోగదారుగా, అంటే ఆ జీఐ పేరు వాడుకోవడానికి అనుమతి ఉన్నవాడిగా, పేరు రాయించుకునే హక్కు ఇద్దరికీ సమానం. కాగితం మీద సమానమే. కానీ ఆ పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో. ఫారాలు నింపాలి, రుజువులు జతచేయాలి. కూలికి నేసేవాడు ఆ పని మీద తిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. వ్యాపారి దగ్గర గుమస్తా ఉంటాడు. ఇక ఇంట్లో కండెలు చుట్టే ఆడవాళ్ల సంగతి ఎవరు అడుగుతారు?

నకిలీ సరుకుకు ఆ పేరు పెట్టి అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా అంటుంది ఇదే చట్టం. పేరు దొంగతనానికి ఇంత శిక్ష. నేసినవాడికి ఎంత కూలి ఇవ్వాలన్న మాట మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5 వేల లోపే. ఆ లెక్క తేలింది జీఐ చట్టం 2003లో అమల్లోకి వచ్చిన 16 ఏళ్లకు.

1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. మరమగ్గాల మీద నేయకూడని 11 రకాల్లో జంపఖానా కూడా ఒకటి. ఆ చట్టం చెల్లుతుందని 1993లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ జంపఖానా స్థానంలో మన ఇళ్లలోకి వచ్చింది ప్లాస్టిక్ చాప. దాన్ని ఏ చట్టం ఆపుతుంది?

వ్యాపారి లేకపోతే సరుకు ఊరు దాటదు, పెట్టుబడి పెట్టేది, అప్పు మోసేది అతనే అనే వాదన ఉంది. నిజమే, కాదనను. అయితే వ్యాపారిగానే నమోదు కానివ్వండి. నేతగాడి గడిలో కూర్చోవడం ఎందుకు?

1851 లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారని ఎప్పుడూ గర్వంగా చెప్పుకుంటాం (అవి ముడులు వేసి నేసినవి, ఇప్పటి జంపఖానా వేరు). వాటిని నేసినవాళ్ల పేరు ఒక్కటైనా మన నోట రాదు. అసలు మనకిది అలవాటే. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టా ఉన్నవాడికి పడింది, పొలంలో దిగి దున్నిన కౌలు రైతుకు రాలేదు. మొన్న 2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ వచ్చింది. సంతోషమే. కానీ పంటల విషయంలోనూ అదే సెక్షన్, పండించినవాడితో పాటు ప్యాకింగ్ చేసేవాడినీ ఉత్పత్తిదారుల్లోనే కలిపేసింది. మిరప ఏరిన చేతుల మంట ప్యాకెట్ కట్టేవాడికి తెలుస్తుందా?

మార్చాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఆ నిర్వచనంలో వ్యాపారి ముక్క తీసేసి అతనికి వేరే పట్టిక పెట్టాలి. జీఐ దరఖాస్తులో నూలు, రంగు, నేత పద్ధతి రాసినట్టే చదరపు గజానికి కనీస కూలి కూడా రాయాలి. వరంగల్ ఎంపీ ఎవరైనా సరే, ఇంత చిన్న సవరణకు ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు) పెట్టొచ్చు. పాసవుతుందా లేదా అన్నది తర్వాతి మాట. కూలి నేతగాడి కష్టం కనీసం పార్లమెంటు రికార్డుల్లోకైనా ఎక్కుతుంది.